గంగమ్మ వాటా, నాన్నగారి టోపీ

మా ఇంటి అటక మీద ఈమధ్య ఒక అరుదైన మొక్క దొరికింది. మొక్క అంటే వేళ్ళూ ఆకులూ ఉన్నది కాదు. అదొక టోపీ. దొరలు ఎండకి పెట్టుకుంటారే, పైన తెల్లగుడ్డ, లోపల ఆకుపచ్చగుడ్డ, ఆ రెండింటి మధ్యా వేలెడు మందాన జీలుగు బెండు, ఆ టోపీ. నాన్నగారు పోయిన తరవాత ఆయన సామాను సర్దుదామని నిచ్చెన వేసుకుని ఎక్కితే, ఊరగాయ జాడీకీ కాలు విరిగిన బడి బెంచీకీ మధ్య బోర్లా పడి ఉంది. ఒక పక్క చెదలు తినేశాయి. నేను పుట్టి పెరిగిన ఈ మొగల్తూరు ప్రాంతంలో, నా కంటికి ఆనినంత మేర, జీలుగు బెండు మొక్క ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. అంచేత అది ఎక్కడ నివసిస్తుందని ఎవరైనా అడిగితే మా అటక మీద అని చెప్పవచ్చు. దాని క్షేమసమాచారం ఏమిటంటే, సగం చెదలపాలైంది, మిగతా సగం కులాసాగా ఉంది.

పుస్తకాలు మాత్రం ఈ మాట ఒప్పుకోవు. మిషను బంగళాలో దొరసానిగారి బీరువా నిండా పుస్తకాలున్నాయి. వాటి దుమ్ము దులిపే పని నాది. నేను పెదవి విప్పి మాట్లాడే మనిషిని కాను గనక వాటిని చదువుతానని ఎవరికీ అనుమానం లేదు. ఒక్కొక్క పుస్తకం దులపడానికి నాకెందుకంత కాలం పడుతుందో అని మాత్రం దొరసానిగారు అప్పుడప్పుడు ఆశ్చర్యపోతారు. వాటిలో మొక్కల పుస్తకం ఒకటుంది. జీలుగు బెండు ఈ దేశపు చిత్తడి నేలలన్నిటా కావలసినంత దొరుకుతుందని అందులో రాసి ఉంది. రాసినాయన ఎప్పుడు చూశాడో, ఎవరి బాడవలో చూశాడో తెలియదు. చిక్కుడు, కంది, పెసర ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమేనట. దొరల శాస్త్రంలో దీనికి పెట్టిన పేరుకి ఏదో ప్రాచీన భాషలో సిగ్గుపడేది అని అర్థమట. తాకితే ఆకులు ముడుచుకుంటుంది కదా, అందుకు. అది చదివి పుస్తకం మూసేశాను. ఊళ్ళో వాళ్ళు నన్ను కూడా అలాగే అంటారు. బంధుత్వం ఉందని తెలియగానే, ఆ బంధువు చచ్చిపోయిందని కూడా తెలియడం ఏమంత బాగుండదు.

మా ఇల్లు అటు మిషను బడికీ ఇటు జాలరుల గుడిసెలకీ మధ్యన ఉండేది. ఇల్లే కాదు, మేమూ అలాగే ఉండేవాళ్ళం. నాన్నగారు ఆ గుడిసెల్లోనే పుట్టారు. అప్పుడాయన పేరు నూకరాజు. బడిలో చదువు, ఆ తరవాత బాప్తిస్మం, ఆ తరవాత మాస్టారి ఉద్యోగం వరసగా వచ్చి యోహాను మాస్టారయ్యారు. ఆయన అన్నగారు, అంటే మా పెదనాన్న పోలయ్య, పుట్టిన గుడిసెలోనే ఉండిపోయి వలలు వేసుకునేవాడు. నాన్నగారికి ‘గారు’ ఉండి పెదనాన్నకి లేదేమని మీరు అడగవచ్చు. చేపలు పట్టేవాడికి ‘గారు’ తగిలించడం మా ఊళ్ళో అలవాటు లేదు. చేపలు తినేవాళ్ళకి మాత్రం అందరికీ ఉంది.

ఇంటి వెనక బాడవ. పల్లపు నేల, వానాకాలం వచ్చిందంటే నిలువెత్తు నీరు. తొలకరికి బురదలో గరికంత లేచిన జీలుగు మొలకలు నీటితో పందెం వేసుకున్నట్టు పెరిగేవి. నీరు ఎంత లోతుంటే కాండం అడుగున అంత లావు. ఆశ్వయుజం నాటికి బాడవంతా పసుపుపచ్చటి పువ్వులు, మామూలు కందిపువ్వుల్లాంటివే. కార్తీకంలో నీరు తీస్తుంటే జాలరులు మొలలోతు దిగి కోసి, మోపులు కట్టి గట్టున పడేసేవాళ్ళు. పైన గోధుమరంగు తొక్క, లోపల పాలమీగడ లాంటి బెండు. ఆ వాసన నాకిప్పటికీ తెలుసు. తడి బురద వాసన, పచ్చి పెసరకాయ వాసన కలిపితే సరిగ్గా అదే. వలలని తుమ్మచెక్క కషాయంలో ఉడకేసే వాసన దాని మీద వచ్చి పడేది. మా పెరట్లో ఎండుచేపల వాసన ఆ రెండింటినీ కలుపుకుపోయేది. మా అమ్మ నరసాపురం నుంచి వచ్చే లేసు పని చేసేది. తెల్లటి దారం ఈ వాసనలు పీల్చుకోకుండా మూట కట్టి పెట్టెలో దాచేది. సీమలో ఏ దొరసాని మెడ చుట్టూ ఆ లేసు చేరిందో, ఆమెకి మా ఊరి ఎండుచేపలు ఎప్పుడైనా తగిలాయో లేదో తెలియదు.

బెండు చెక్కే పని నాయనమ్మది. ఆవిడ చిన్నకొడుకు ఇంట్లో ఉండేది గానీ చిన్నకొడుకు మతంలో ఉండేది కాదు. పొద్దున్నే లోపల మేం ప్రార్థన చేస్తుంటే ఆవిడ పెరట్లో చేపలు ఆరబోస్తూ, కాకుల్ని తిడుతూ ఉండేది. కాకుల మీద తిట్లు సరిగ్గా ‘ఆమేన్’ దగ్గర పడేవి. ఆదివారాలు మిషను గుడికి వచ్చి వసారాలో కూర్చునేది. దేవుడి మాట వినడానికా అంటే, అక్కడ చాపలు మెత్తగా ఉంటాయని చెప్పేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కాళ్ళు చాపుకుని, మోపు ఒక పక్కా గంప ఒక పక్కా పెట్టుకుని చిన్నకత్తితో బెండ్లు చెక్కేది. వల పైతాడుకి కట్టే బెండ్లు అవి. అవి లేకపోతే వల నీళ్ళలో నిలబడదు, మునిగి అడుగున పడుకుంటుంది. మిగిలిన ముక్కలతో నాకు చిలకలు చేసిచ్చేది. నా చెవులు కుట్టించినప్పుడు రంధ్రాలు సాగాలని బెండు పుల్లలు దూర్చింది కూడా ఆవిడే. తడిసినకొద్దీ ఉబ్బేవి, ఉబ్బినకొద్దీ నేను ఏడ్చేదాన్ని. నా బాల్యంలో నేను గట్టిగా నోరు విప్పిన సందర్భం అదొక్కటే అని అమ్మ చెబుతుంది.

ఆ బెండ్ల కోసం పెదనాన్న వచ్చేవాడు. నాన్నగారు బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆయన మా గడప దాటలేదు, మా నీళ్ళు ముట్టలేదు. మా ఇంట్లో నీళ్ళు తాగితే కులం పోతుందని పెద్దలు కట్టడి చేశారు. మా ఇంట్లో చెక్కిన బెండ్లు వలకి కడితే ఏం పోతుందో వాళ్ళు చెప్పలేదు. చేపలకి పట్టింపు లేదు కాబోలు. వచ్చి అరుగు చివర కూర్చునేవాడు.

"ఏమే అమ్మా, బెండ్లయ్యాయా?"

"అయితే పట్టుకుని చక్కా పోతావుగా. ఇంకా కాలేదు. కూచో."

అయ్యేవి. పొద్దున్నే అయిపోయి గంప కింద ఉండేవి. నేను చూస్తున్నానని తెలిసి నాయనమ్మ నా వైపు ఒక చూపు చూసేది. నేను మాట్లాడని మనిషిని గనక ఆ ఇంట్లో రహస్యాలకి నేను గంపకన్నా భద్రమైన చోటు. ఆవిడ ఒక బెండు తీసుకుని, చెక్కిన దాన్నే మళ్ళీ చెక్కుతూ కూర్చునేది. ఈలోగా లోపలి నుంచి నాన్నగారి గొంతు వినిపించేది.

"అమ్మా, అన్నయ్య ఒంట్లో కులాసాయేనా అడుగు."

"నూకన్న అడుగుతున్నాడ్రా, ఒంట్లో ఎలా ఉందీ అని."

"బాగానే ఉందని చెప్పు. మాస్టారికి దగ్గు తగ్గిందా?"

"తగ్గిందట్రా?"

"తగ్గిందను."

ఇద్దరికీ మధ్య దూరం ఒక తడిక తలుపు. ఒకడి మాట ఒకడికి శుభ్రంగా వినిపిస్తూనే ఉండేది. అయినా ప్రతి మాటా నాయనమ్మ చేతుల మీదుగానే వెళ్ళాలి. పోస్టాఫీసు లాగన్నమాట, కాకపోతే మా పోస్టాఫీసు మధ్య మధ్య తన మాటలు కూడా కలిపేది. దగ్గు తగ్గిందని కబురు వస్తే, తగ్గింది గానీ పిల్లవాడు చిక్కిపోయాడు అని చేరవేసేది. పెదనాన్న వెళ్ళేటప్పుడు ఎప్పుడూ నాలుగు బెండ్లు తక్కువే ఇచ్చేది. మిగతా వాటికి మళ్ళీ రమ్మనేది. అలా ఒక మొక్క మా కుటుంబాన్ని నడుపుతూ ఉండేది.

బాడవలో ఈశాన్యం మూల ఒక వెదురు గుంజ, దానికి ఎర్రగుడ్డ. గుంజ అవతల ఉన్న జీలుగు గంగమ్మ వాటా. ఎవరు ఏ మోపు కోసుకున్నా ఆ గుంజ దాటి కొడవలి పెట్టేవాళ్ళు కాదు. ఎందుకని అడిగితే గంగమ్మది అనేవాళ్ళు. గంగమ్మకి జీలుగు ఎందుకని అడిగితే నెత్తిన మొట్టికాయ పడేది. ఆ మూల మొక్కలు పుష్యం దాకా నిలబడి, కాయలు నల్లబడి, కణుపు కణుపుకీ విరిగి నీళ్ళ మీద తేలి బురదంతా పరుచుకునేవి. చూడ్డానికి ఏమీ బాగుండేవి కాదు. గంగమ్మకి సౌందర్యదృష్టి తక్కువ అనుకునేదాన్ని.

నాన్నగారికి ఆ గుంజ కంట్లో నలుసు. పెరటి గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటే ఎదురుగా అదే కనిపించేది. అజ్ఞానాంధకారాన్ని పారదోలడానికి జీతం తీసుకుంటున్న మనిషి పెరటి ఎదురుగా ఎర్రగుడ్డ ఎగురుతుంటే మిషను దొరగారు ఏమనుకుంటారని ఆయన బాధ. దొరగారు ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. ఆయన మా పెరటి వైపు వచ్చినప్పుడల్లా ముక్కుకి చేతిరుమాలు పెట్టుకుని, గంగమ్మనీ ఎండుచేపల్నీ ఒకేసారి తప్పించుకుని వెళ్ళేవారు. నాన్నగారి రెండో కోరిక టోపీ. దొరగారి టోపీ లాంటిది. రక్షణ పొందినవాడి తలకి తలపాగా నప్పదని ఆయనకి గట్టి నమ్మకం. క్రీస్తు ప్రభువు టోపీ పెట్టుకున్నట్టు సువార్తలు నాలుగింటిలోనూ ఎక్కడా లేదు. నేను వెతికాను.

ఈ రెండు కోరికలూ తీర్చడానికి ఒక వర్తకుడు కాలవలో పడవ వేసుకుని వచ్చాడు. ఆనకట్ట నీళ్ళు కాలవల్లో పారడం మొదలెట్టాక ఊళ్ళోకి ఏం రావాలన్నా ఏం పోవాలన్నా పడవలే. ఆయన బట్టతల మీద చెమట తుడుచుకుంటూ, దేశంలో దొరల తలలన్నీ ఎండకి మాడిపోతున్నాయనీ, టోపీల కార్ఖానాలకి బెండు ఎంతున్నా చాలడం లేదనీ, మా బాడవలో బెండంత తెల్లటి బెండు తాను చూడలేదనీ చెప్పాడు. మా తలలు అంతకు ముందు నుంచీ అదే ఎండలో ఉన్నాయి గానీ, ఆ సంగతి వర్తకానికి సంబంధించింది కాదు. జాలరులు తమకి కావలసిన మోపులు ఉంచుకుని మిగతా అంతా కోసి పడవకెక్కించారు. పడవలో ఇంకా చోటు మిగిలింది. వర్తకుడి చూపు గుంజ అవతలికి వెళ్ళింది. కోత మనుషులు ఒక్కరూ కదల్లేదు. అప్పుడాయన చేతులు జోడించుకుని మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. ఆ గుడ్డముక్కకి మీరు కూడా జడుస్తారా అండి?"

నాన్నగారు జడవనన్నారు. జడవనివారికి తన కానుకగా మొదటిరకం టోపీ పంపిస్తానని వర్తకుడు అన్నాడు. సత్యం, టోపీ రెండూ ఒకే వైపున ఉండడం మనిషి జీవితంలో అరుదుగా జరుగుతుంది.

ఆ సాయంత్రం పెదనాన్న వచ్చాడు. బెండ్ల మాట ఎత్తలేదు. అరుగు చివర కూర్చోలేదు కూడా, వాకిట్లో నిలబడ్డాడు. నాన్నగారు తడిక తలుపు తీసుకుని బయటికి వచ్చారు.

"గుంజ అవతల కొడవలి పెట్టకురా నూకన్నా."

"పెడితే ఏమవుతుంది అన్నయ్యా?"

"ఏమవుతుందో నాకేం తెలుసు? ఎవడూ ఎప్పుడూ పెట్టలేదుగా."

"నేను అంటున్నదీ అదే. ఎవడూ పెట్టలేదు గనక ఎవడికీ తెలీదు. రేపు నేను పెడతాను. అందరూ చూద్దురుగాని."

"టోపీ కోసమా?"

"సత్యం కోసం."

"సత్యం నీ తలకి సరిపోతుందో లేదో కొలత ఇచ్చావా మరి?"

నాయనమ్మ కత్తి కింద పెట్టింది. "బాప్తిస్మం అయ్యాక మీరిద్దరూ ఒకడి మొహం ఒకడు చూసి మాట్లాడుకోడం ఇదే మొదలు," అంది. "ఇన్నాళ్ళకి మాట్లాడుకున్నారు గదా అని సంతోషించనా, ఏమిట్రా నన్ను చెయ్యమంటారు?"

పెదనాన్న వెళ్ళిపోయాడు. నాన్నగారు లోపలికి వచ్చి కొడవలి నూరడం మొదలెట్టారు. నాయనమ్మ ఆయన వెనకాలే వచ్చి గడప మీద కూలబడింది.

"గంగమ్మ కోసం కాదురా. నా కోసం ఉంచు. ఆ కాస్తా పోయి బాడవ పాడైతే, బెండు లేకపోతే, వాడీ గడపకి దేనికొస్తాడు? నువ్వు పిలిస్తే వస్తాడా? నేను పిలిస్తే మాత్రం, ఊరికే రావడానికి వాళ్ళ పెద్దలు ఊరుకుంటారా? బెండ్ల కోసమంటే ఎవరూ ఏమీ అనరు."

"అమ్మా, బాడవ నిండా బెండే. ఒక మూల కోస్తే పోతుందా? నీకు భయం పట్టుకుంది."

"పట్టుకుంది," అంది నాయనమ్మ.

మర్నాడు గట్టు మీద ఊరు ఊరంతా చేరింది. ఒక పక్క గుడికి వచ్చేవాళ్ళు, ఒక పక్క జాలరులు, మధ్యలో ఎటూ తేల్చుకోలేని వాళ్ళూ పిల్లలూ. నాన్నగారు పంచె ఎగ్గట్టి, దేవుణ్ణి తలుచుకుని, గుంజ దాటి మొదటి మొక్క కోశారు. అందరూ ఆకాశం వైపు చూశారు. శుభ్రంగా ఉంది. రెండో మొక్క కోశారు. ఆ తరవాత ఆయన వెనకాల కొంతమంది విశ్వాసులు దిగారు, కాసేపయ్యాక విశ్వాసం లేనివాళ్ళూ కూలి కోసం దిగారు. పొద్దెక్కేసరికి ఆ మూల నున్నగా అయిపోయింది. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆఖరున నాన్నగారు గుంజని పీకి గట్టున పారేశారు. నీళ్ళలోంచి బయటికి వచ్చినప్పుడు ఆయన పిక్కలకి జలగలు వేలాడుతున్నాయి. జలగలు తప్ప ఆ రోజు ఇంకెవరూ ఆయన మీద ఆగ్రహించలేదు. పెదనాన్న గట్టు మీద పడి ఉన్న గుంజకున్న ఎర్రగుడ్డ విప్పి, మడిచి, తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

తరవాత అందరం గంగమ్మ కోపం కోసం ఎదురుచూశాం. అమావాస్య దాకా చూడమంది నాయనమ్మ. అమావాస్య వెళ్ళాక పున్నమి దాకా అంది. నాన్నగారు ఒకసారి దగ్గితే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ మొహంలో భయమెంతో, ఇప్పటికైనా వచ్చావా తల్లీ అన్న నిష్టూరమెంతో నేను విడదీసి చెప్పలేను. దగ్గు తగ్గిపోయింది. ఇల్లు కాలలేదు, గొడ్డు చావలేదు, పాలు విరగలేదు. నాన్నగారు ఆదివారం లేచి నిలబడి దీని మీద ఒక ప్రసంగం చేశారు. చాలా పొడుగుది, కానీ సారాంశం రెండు మాటలు. ఏమీ జరగలేదు.

టోపీ వచ్చింది. వర్తకుడు మాట తప్పని మనిషి. కొలత ఇవ్వలేదని పెదనాన్న అన్న మాట మాత్రం నిజమైంది. నాన్నగారు పెట్టుకుంటే చెవుల దాకా దిగింది. అమ్మ లేసు అల్లుతూ తలెత్తి చూసింది.

"టోపీ బాగుందండి. అందులో మీరెక్కడున్నారు?"

చివరికి అమ్మే లేసు తుంపులు లోపల కూరి దాన్ని పైకి నిలబెట్టింది. నాన్నగారు దాన్ని పెట్టుకుని బడికి, గుడికి, పెరట్లోకి కూడా వెళ్ళేవారు. ఊళ్ళో కుక్కలు ఆయన్ని మళ్ళీ మొదటి నుంచి గుర్తుపట్టవలసి వచ్చింది. పెదనాన్న మాత్రం ఆ మిగిలిన మోపులు ఉన్నన్నాళ్ళూ వచ్చాడు. తలుపు అవతల టోపీ కనిపిస్తే, "అమ్మా, ఇంట్లో దొరగారు ఉన్నట్టున్నారు, పోనీ తరవాత వస్తా," అనేవాడు.

మళ్ళీ తొలకరి పడింది. బాడవలో నీరు నిండింది. జీలుగు అక్కడొకటీ అక్కడొకటీ లేచింది. పాతవేవో గింజలు బురదలో మిగిలి ఉంటాయి. వాటినైనా వదిలేసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేదేమో. కానీ గుంజ లేదు, గుంజ దాటినా ఏమీ కాదని నాన్నగారు ఊరందరి ఎదుటా రుజువు చేసి పెట్టారు. ఎదురింటి వాడు కోసేస్తాడేమోనని ప్రతివాడూ ముందే కోశాడు. బెండు సరిగ్గా కట్టకుండానే, పువ్వన్నా పుయ్యకుండానే కోశారు. గంగమ్మ మీద నమ్మకం ఉన్నవాళ్ళు కోశారు, లేనివాళ్ళు కోశారు. నాయనమ్మ సైతం నన్ను పిలిచి, "బుల్లెమ్మా, వాళ్ళు దిగకముందే నాలుగు పీక్కురా," అంది. ఈ ఒక్క విషయంలో రెండు మతాలకీ సంపూర్ణమైన ఐకమత్యం కుదిరింది. ఆ మరుసటి వానాకాలం బాడవ నిండా నీళ్ళు, తుంగ, కలువలు, కొంగలు. జీలుగు లేదు.

అప్పుడు మొదలయ్యాయి వాదాలు. గంగమ్మ అలిగి లేచిపోయిందన్నారు జాలరులు. కాలవ నీళ్ళు కలిసి బాడవ నీటి గుణం మారిందన్నారు నాన్నగారు. గంగమ్మ ఉందా లేదా అని ఊళ్ళో అరుగులన్నిటి మీదా తేల్చుకుంటూనే ఉన్నారు. విత్తనం అన్న మాట ఒక్క నోటి నుంచి కూడా రాలేదు. ఈ ఊరు నడిచేదే వరి మీద. పుట్టెడు గింజలు పండినా విత్తనానికి తీసి పెట్టందే ముద్ద దిగని వాళ్ళు మేమంతా. అయినా అది మేం నాటింది కాదు గదా, దానంతట అదే వచ్చేది, దానంతట అదే వస్తుందనుకున్నాం. చాలా ఏళ్ళ తరవాత దొరసానిగారి పుస్తకానికి దుమ్ము దులుపుతూ చదివాను. ఆ మొక్క బతుకు ఒక్క వానాకాలమేనట. కాయ ఎండి, కణుపులు విరిగి, తేలి, బురదలో దిగితేనే మళ్ళీ ఏటికి మొలక. మేం మా భాగమంతా కాయ ముదరకముందే కోసేవాళ్ళం. ఆ మూల గంగమ్మదో కాదో నాకు తెలియదు గానీ, మరుసటి ఏటి బాడవంతా ఆ మూలలోనే ఉండేది. నాన్నగారి ప్రసంగంలో తప్పేమీ లేదు. ఏమీ జరగలేదు. ఆ తరవాత కూడా అక్కడ ఏమీ జరగలేదు.

పెదనాన్న వలకి సొరబుర్రలు కట్టుకున్నాడు. ఎండిన సొరకాయ బెండులా తేలిక కాకపోయినా తేలుతుంది. పెద్దమ్మ వాళ్ళ గుడిసె మీదికే సొరపాదు పాకించింది. ఇంటికప్పు మీదే బెండ్లు కాస్తుంటే మా అరుగు మీదికి ఎందుకు వస్తాడు? నాయనమ్మ కొన్నాళ్ళు కత్తి నూరుకుంటూ కూర్చుంది. ఎవరైనా సొరకాయ కూర వడ్డిస్తే కంచం అవతలికి తోసేది. "నా కొడుకుని ఒక సొరపాదు ఎత్తుకుపోయింది," అనేది. కోడళ్ళ మీద అనవలసిన మాటలన్నీ ఆ పాదు మీద అంది. నాన్నగారు ఒకసారి పెదనాన్నకి కబురు పంపుదామని నాతో అన్నారు. ఎవరి చేత పంపాలో ఇద్దరికీ తోచలేదు. మా పోస్టాఫీసు అరుగు మీదే ఉంది గానీ అటు నుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. నాయనమ్మ పోయినప్పుడు పెదనాన్న వచ్చి, తన పద్ధతిలో తన తల్లిని తీసుకుపోయాడు. నాన్నగారు టోపీ చేతిలో పట్టుకుని ఏటిగట్టు దాకా వెనక నడిచారు. ఇంటికి వచ్చాక దాన్ని అటకెక్కించారు. మళ్ళీ దింపమని ఎప్పుడూ అడగలేదు.

బాడవ ఇప్పుడు లేదు. మురుగు తీసి, మెరక చేసి వరి వేస్తున్నారు. పంట బాగా వస్తుంది. ఆ అన్నమే తింటూ ఇది రాస్తున్నాను, రుచికి ఏమీ వంక పెట్టలేను. అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పమంటే, అప్పుడు మా పెరట్లో మూడు వాసనలు ఉండేవి, ఇప్పుడు ఒక్క ఎండుగడ్డి వాసనే. అప్పుడు అన్నదమ్ములు తలుపు ఇవతలా అవతలా కూర్చుని మాట్లాడుకోకుండా మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. జ్ఞానం బాగా వ్యాపించింది. ఎర్రగుడ్డకి జడిసేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

టోపీ దొరికిన కొద్ది రోజులకి పెదనాన్న వచ్చాడు. బాగా వంగిపోయాడు. అలవాటైన చోటే, అరుగు చివరే కూర్చున్నాడు. మాటలు చేరవేసే మనిషి లేక ఇద్దరం చెరోవైపూ ఉండిపోయాం. చివరికి ఆయనే, అటు పొలం వైపు చూస్తూ అన్నాడు.

"మీ నాన్నది ఏదన్నా వస్తువు ఉంటే ఇయ్యమ్మా. పాతదైనా పర్లేదు. ఇంట్లో వాడి గురుతు ఒక్కటీ లేదు."

నేను లోపలికి వెళ్ళి టోపీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. దాన్ని చూసి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తిరగేసి, చెదలు తిన్న చోట బొటనవేలు పెట్టి నొక్కాడు. గుడ్డ చిరిగి లోపలి తెలుపు కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మన బాడవదే."

దేశంలోని బాడవలన్నీ ఏ కార్ఖానాలో కలిసి ఈ టోపీ అయ్యాయో ఎవరికి తెలుసు? అయినా ఈ ఇంట్లో సత్యం కోసం ఒకసారి వాదించి చూశాం, చాలు. నేను తలూపాను.

"మీ నాయనమ్మ కత్తి ఉందా?"

ఉంది. ఇచ్చాను. ఆయన గుడ్డ ఒలిచి, అట్టలు అట్టలుగా అంటించిన బెండుని విడదీసి, నాలుగేసి కలిపి దారంతో చుట్టి, అంచులు గుండ్రంగా చెక్కడం మొదలుపెట్టాడు. అచ్చం నాయనమ్మ చెక్కినట్టే, చెక్కిన దాన్నే మళ్ళీ చెక్కుతూ. పొట్టు అరుగు మీద రాలుతోంది. లోపల నుంచి లేసు తుంపులు కూడా బయటపడ్డాయి. వాటిని తీసి నా చేతికిచ్చాడు. ఇప్పుడు ఆయన పడవ ఎక్కడం లేదు, వల వెయ్యడం లేదు. ఆ బెండ్లు ఏ వలకి కడతాడని నేను అడగలేదు. ఆయన చూడకుండా టోపీలో మిగిలిన సగం తీసి నాయనమ్మ గంప కింద పెట్టాను.

పొద్దువాలింది. చెక్కినవి కండువాలో కట్టుకున్నాడు.

"అంతేనా అమ్మా? అయిపోయాయా?"

"కాలేదు పెదనాన్నా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇంకా ఉన్నాయి. ఆదివారం వచ్చి కూర్చోండి."

ఆయన గంప వైపు ఒకసారి చూసి, కర్ర తీసుకుని వెళ్ళాడు. అంచేత జీలుగు బెండు మా ప్రాంతంలో పూర్తిగా అంతరించిపోయిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. మా ఇంట్లో గంప కింద కొంచెం ఉంది. నాయనమ్మ పెట్టె అడుగున మడిచి ఉన్న ఎర్రగుడ్డ తీసి గంప మీద కప్పాను.